పాంటియాక్ బానెట్ బొమ్మ: ఒరిజినల్ పార్టు దొరికింది

మిషిగన్‌లో ఉన్న నా 1951 పాంటియాక్ చీఫ్‌టన్ కారు బానెట్ మీది బొమ్మ, అంటే అమెరికా ఆదివాసీ నాయకుడి తేనెరంగు ప్లాస్టిక్ తల, పగిలిపోయింది. హెడ్‌లైట్లు వేస్తే లోపలి బల్బుతో అదీ వెలగాలి. ఆ కారు అందమంతా అందులోనే ఉంది.

ఒరిజినల్ అంటూ ఒకరు అమ్మిన తల విప్పి చూశాను. ముక్కు, జుట్టు గీతలు అరిగిన నాణెంలా మొద్దుగా ఉన్నాయి. పాతదాని నుంచి అచ్చు తీసి పోసిన కాపీ అది. పైగా లోపల 12 వోల్టుల బల్బు! 1954 దాకా పాంటియాక్‌లకు 6 వోల్టులే కదా. వెంటనే వెనక్కి పంపేశాను.

చివరికి తుక్కు కార్ల యార్డులో అసలుది దొరికింది. పైన సన్నటి గీతలుంటే పాలిష్‌తో పోయాయి. తల కింద ఉండే, జింక్ పోతతో చేసిన దిమ్మెను మాత్రం మార్చలేదు. క్రోమ్ పొక్కులు లేచినా అది ఫ్యాక్టరీది. దాని అడుగున పట్టిన తెల్లటి చిలుము గీకేశాక ఎర్త్ సరిగ్గా అంది, బల్బు నిండుగా వెలిగింది.