ఫ్లక్స్ లెక్కలో కోణం ఎక్కడి నుంచి కొలవాలి?

విద్యుత్ అభివాహం (ఫ్లక్స్), అంటే ఒక తలం గుండా ఎంత క్షేత్రం పోతోందన్న కొలత. ఈ లెక్కల్లో సగం మార్కులు పోయేది కోణం దగ్గరే. ఫార్ములాలో (క్షేత్రం × వైశాల్యం × కొసైన్) కొసైన్ పక్కన ఉండే కోణం క్షేత్రానికీ తలానికి గీసిన లంబానికీ మధ్యది. ప్రశ్నలో మాత్రం "తలం క్షేత్రంతో 30 డిగ్రీలు చేస్తోంది" అని తెలివిగా ఇస్తారు. క్షేత్రం 200 న్యూటన్/కూలుంబ్, వైశాల్యం 0.5 చదరపు మీటర్లు అనుకోండి. కాస్ 30 వేస్తే 86.6 వస్తుంది, ఆప్షన్లలో అదీ ఉంటుంది! లంబంతో కోణం 60 కాబట్టి సరైన జవాబు 50. అందుకే బొమ్మలో ముందు లంబాన్ని బాణంగా గీసి, తర్వాతే పెన్ను కదపండి.

ఇక ఘనం మూలలో ఆవేశం పెట్టి, ఒక్కో ముఖం గుండా అభివాహం అడిగే ప్రశ్న. దీనికి ఇంటిగ్రేషన్ అక్కర్లేదు. అలాంటివే ఇంకో 7 ఘనాలు చుట్టూ పేర్చితే ఆవేశం సరిగ్గా మధ్యలో పడుతుంది, కాబట్టి ఆవేశం ఇచ్చే మొత్తం అభివాహంలో మన ఘనానికి దక్కేది 8వ వంతు. దాన్ని 6 ముఖాలకు పంచితే తప్పు. ఆ మూలను తాకే 3 ముఖాల్లో క్షేత్రరేఖలు తలం వెంబడే జారిపోతాయి, అక్కడ అభివాహం సున్నా. మిగతా 3 ముఖాలకు తలా మొత్తంలో 24వ వంతు. ఒక మైక్రోకూలుంబ్ ఆవేశానికి మొత్తం సుమారు 1.13 లక్షలు, అంటే ఒక్కో ముఖానికి దాదాపు 4,700 న్యూటన్ చదరపు మీటర్/కూలుంబ్.

అన్నట్టు, మూసిన తలం గుండా మొత్తం అభివాహం సున్నా అయితే క్షేత్రమూ సున్నా అని రాసేయకండి. లోపల డైపోల్ (సమానమైన ధన, రుణ ఆవేశాల జంట) ఉన్నా అభివాహం సున్నానే.