సర్గాసం నాచులోని చక్కెరలను విడదీసి శుద్ధి చేయడం ఎలా?

విశాఖలో తెన్నేటి పార్కు దిగువ రాళ్ల దగ్గర, సముద్రం వెనక్కి తగ్గిన వేళ వెతకండి. మిరియపు గింజంత గాలి బుడగలున్న గోధుమరంగు నాచు దొరికితే అది సర్గాసం. అందులోంచి మనం తీయబోయేవి మూడు: మానిటాల్, ఫ్యూకోయిడాన్, ఆల్జినేట్. నాలుకకు తియ్యగా తగిలేది మానిటాల్ ఒక్కటే. మిగతా రెండూ పొడవాటి గొలుసులు, నీళ్లలో వేస్తే జిగురు. ఇది కాలేజీ ల్యాబ్‌లో చేయాల్సిన పని, వంటింట్లో వద్దు. ఆల్కహాల్ (ఇథనాల్) ఉన్నచోట మంట అసలే వద్దు.

ముందు ఇసుక, గవ్వలు పోయేలా మంచినీళ్లతో నాలుగైదుసార్లు కడగండి. నీడన ఆరబెట్టి, 50 డిగ్రీల ఓవెన్‌లో పెళపెళలాడేదాకా ఎండబెట్టి మిక్సీ పట్టండి.

10 గ్రాముల పొడిని 85 శాతం ఆల్కహాల్‌లో రాత్రంతా నానబెడితే రంగులు, మానిటాల్ బయటికొస్తాయి. ఆ ద్రవాన్ని పారబోయకండి. వాటర్ బాత్ (వేడినీళ్ల తొట్టి) మీద ఇగిరించి, అడుగున మిగిలినదాన్ని వేడి ఆల్కహాల్‌లో కరిగించి చల్లారిస్తే మానిటాల్ సూదుల్లా పేరుకుంటుంది.

ఇక పిప్పి. దాన్ని 2 శాతం కాల్షియం క్లోరైడ్ ద్రావణంలో 85 డిగ్రీల వద్ద మూడు నాలుగు గంటలు కలుపుతూ ఉంచండి. అసలు కిటుకంతా ఇక్కడే. కాల్షియం తగలగానే ఆల్జినేట్ గొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుని పిప్పిలోనే ఉండిపోతాయి, ఫ్యూకోయిడాన్ మాత్రం నీళ్లలోకి వచ్చేస్తుంది. తొందరపడి ఈ పని మానేస్తే రెండూ కలిసి బంకగా దిగుతాయి, ఆపైన ఒక పట్టాన విడిపోవు.

వడకట్టిన తేటలో ఆల్కహాల్ 30 శాతం అయ్యేలా పోస్తే తప్పించుకున్న ఆల్జినేట్ అడుగుకు దిగుతుంది. దాన్ని తీసేసి 70 శాతానికి పెంచండి. ఇప్పుడు పోగులు పోగులుగా దిగేది ఫ్యూకోయిడాన్.

పిప్పిని పలచటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగి కాల్షియాన్ని వదిలించి, 3 శాతం సోడియం కార్బొనేట్‌లో 60 డిగ్రీల వద్ద రెండు గంటలు ఉంచితే ఆల్జినేట్ కరిగి గంజిలా చిక్కబడుతుంది. బ్రిటన్‌లో స్టాన్‌ఫర్డ్ అనే రసాయన శాస్త్రవేత్త 1881లో దీన్ని నాచు నుంచి రాబట్టిందీ సోడాతోనే. బాగా నీళ్లు కలిపితే తప్ప గుడ్డలోంచి దిగదు. వడకట్టాక ఆల్కహాల్ పోస్తే ఆల్జినేట్ అడుగుకు దిగుతుంది.

అందరూ విసుక్కునేది ఉప్పు తీయడం దగ్గరే. ఫ్యూకోయిడాన్‌ను, ఆల్జినేట్‌ను విడివిడిగా డిస్టిల్డ్ వాటర్‌లో కరిగించి, డయాలిసిస్ గొట్టాల్లో (ఉప్పును బయటికి వదిలి, పొడవాటి గొలుసులను లోపలే ఆపే పల్చటి పొర సంచుల్లో) పోసి రెండు మూడు రోజులు అలాంటి నీళ్లలోనే ఉంచండి, పూటకోసారి మార్చండి. బయటి నీళ్లలో సిల్వర్ నైట్రేట్ చుక్క వేస్తే తెల్లగా మసకబారుతోందా? ఇంకా క్లోరైడ్ ఉన్నట్టే. మసక రాని రోజున తీసి, ఫ్రీజ్ డ్రయ్యర్‌లో (గడ్డకట్టించి తేమ లాగేసే యంత్రంలో) ఆరబెట్టి, తేమను పీల్చే సిలికా జెల్ వేసిన సీసాలో గట్టిగా మూత పెట్టండి. మన తీరపు తేమగాలికి మూత తీసి వదిలేసిన పొడి తెల్లారేసరికి ముద్దకడుతుంది.