సర్వర్ నెమ్మదిస్తే ముందు చూడవలసింది

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ ప్రాంతాల తెలుగువారు చందాలు వేసుకొని స్వచ్ఛందంగా నడుపుకొనే ఆన్‌లైన్ సమూహానికి సభ్యులు పెరిగి, సాయంత్రం వేళల్లో పేజీలు తెరుచుకోవడం ఆలస్యమవుతుంటే, పెద్ద సర్వర్‌కు మారే ముందు లినక్స్‌లో, నడుస్తున్న పనులను చూపే ‘టాప్’ (top) ఆదేశం ఇచ్చి చూడటం మంచిది. అందులో కనిపించే లోడ్ యావరేజ్ (నడుస్తున్న, వంతు కోసం ఆగి ఉన్న పనుల సగటు సంఖ్య) ప్రాసెసర్ కోర్ల సంఖ్యను మించినంత మాత్రాన ప్రాసెసర్ చాలడం లేదని అనుకోకూడదు. డిస్కు కోసం ఆగి ఉన్న పనులను కూడా లినక్స్ ఆ లెక్కలోనే కలుపుతుంది. ‘డబ్ల్యూఏ’ (wa, అంటే డిస్కు కోసం ప్రాసెసర్ ఖాళీగా వేచి ఉన్న సమయం) శాతం ఎక్కువగా ఉంటే డిస్కును, దాని వెనుక డేటాబేస్‌ను అనుమానించాలి.

మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ వాడేవారు స్లో క్వెరీ లాగ్‌ను, అంటే ఆలస్యమయ్యే క్వెరీల (డేటాబేస్‌ను అడిగే ప్రశ్నల) చిట్టాను, ఆన్ చేసుకోవాలి. మార్చకుండా వదిలేస్తే అది 10 సెకన్లు దాటిన క్వెరీలనే నమోదు చేస్తుంది కనుక, ఆ పరిమితిని 1 సెకనుకు తగ్గిస్తే అసలు సంగతి బయటపడుతుంది. అలా దొరికిన క్వెరీకి ముందు, అది ఎలా నడుస్తుందో చూపే ‘ఎక్స్‌ప్లెయిన్’ (EXPLAIN) చేర్చి నడిపినప్పుడు, కొద్ది వరుసల కోసం పట్టిక మొత్తాన్ని వెదుకుతున్నట్లు తేలితే, షరతులో వాడిన కాలమ్‌కు ఇండెక్స్ (వెదకడాన్ని వేగవంతం చేసే సూచిక) చేర్చాలి. నా దృష్టిలో ర్యామ్ పెంచడం కన్నా ఇదే ముందు చేయవలసిన పని, పైగా ఖర్చు లేనిది. పట్టిక పెద్దదైతే ఇండెక్స్ చేర్చే పనిని బ్యాకప్ తీసుకున్న తరువాత, రద్దీ లేని తెల్లవారుజామున పెట్టుకోవాలి.