పసిపిల్లలతో సిడ్నీకా? సింగపూర్‌లో రెండు రాత్రులు ఆగండి

హైదరాబాద్ నుంచి సిడ్నీకి చిన్నపిల్లలతో వెళ్లేటప్పుడు ఒకే ఊపులో చేరాలని చూడకండి. సింగపూర్‌కు సుమారు 4.30 గంటలు, అక్కడి నుంచి సిడ్నీకి మరో 8 గంటలు. మధ్యలో రెండు రాత్రులు ఆగితే పిల్లలకు పరుగెత్తే చోటు దొరుకుతుంది, నిద్రవేళలూ మెల్లగా సర్దుకుంటాయి. సింగపూర్ మనకంటే 2.30 గంటలు ముందుంటుంది, జనవరిలో సిడ్నీ 5.30 గంటలు ముందుంటుంది. భారత పాస్‌పోర్టు ఉన్నవారు సింగపూర్ వీసా కావాలో లేదో ముందే చూసుకోవాలి.

టికెట్ కొనేముందు పాప పుట్టినరోజు చూసుకోండి. తిరుగు ప్రయాణానికల్లా రెండేళ్లు నిండితే ఆ ప్రయాణానికి విడిగా సీటు కొనాల్సిందే. నన్నడిగితే, నడక వచ్చిన పిల్లలకు రెండేళ్లు నిండకపోయినా సీటు కొనడమే మేలు. అంతసేపు ఒడిలో ఉండటం వాళ్లకూ కష్టమే.

విమానం నేలను తాకడానికి సుమారు అరగంట ముందే కిందికి దిగడం మొదలవుతుంది. అప్పటికి పాలసీసా చేతిలో ఉంచుకోండి. గుటకలు వేస్తుంటే చెవినొప్పి తగ్గుతుంది.

ఆస్ట్రేలియాలో దిగగానే వెంట ఉన్న తినుబండారాలన్నీ అధికారులకు చెప్పాలి, పసిపిల్లల ఆహారమైనా సరే. దాస్తే జరిమానా పడుతుంది.

మొదటి రెండు రోజులు ఏ టికెట్లూ కొనవద్దు. ఒపేరా హౌస్ పక్కనే ఉన్న రాయల్ బొటానిక్ గార్డెన్‌కు ప్రవేశ రుసుము లేదు. పొద్దున ఎండ ముదరకముందే అక్కడ పిల్లలను గడ్డిలో వదిలేయండి, మధ్యాహ్నం గదికి వచ్చి నిద్రపుచ్చండి.