పొద్దున్నే ఏటీవీ అందుకోవట్లేదా? కార్బరేటర్ విప్పే ముందు ట్యాపెట్లు చూడండి

రాత్రంతా ఆగి ఉన్న ఏటీవీ, అంటే మట్టిదారుల్లో తిరిగే నాలుగు చక్రాల బండి, పొద్దున్నే ఎంత సెల్ఫ్ కొట్టినా అందుకోదు, పది పదిహేనుసార్లు కొట్టాక దగ్గి దగ్గి ఎలాగోలా స్టార్ట్ అవుతుంది, ఒకసారి వేడెక్కిందంటే మాత్రం ఇక రోజంతా బటన్ ఇలా నొక్కితే అలా స్టార్ట్. ఈ కంప్లైంట్‌తో నా దగ్గరికి వచ్చే బండ్లలో చాలావాటికి అప్పటికే ప్లగ్ మారిపోయి ఉంటుంది, బ్యాటరీ మారిపోయి ఉంటుంది, కార్బరేటర్ రెండుసార్లు విప్పేసి ఉంటారు. ట్యాపెట్లు, అంటే ఇంజన్ వాల్వ్‌ల దగ్గర సందు సెట్ చేసే చోటు, చూశారా అంటే ఎవరూ చూసి ఉండరు. చూస్తుంటే నిజంగా బాధేస్తుంది, అందుకే రాస్తున్నా. ఇదంతా కార్బరేటర్ ఉన్న సింగిల్ సిలిండర్ ఫోర్ స్ట్రోక్ ఇంజన్ల గురించి. ప్లగ్ విప్పడం, ట్యాంక్ ఖాళీ చేయడం లాంటివి మీకు వచ్చనే అనుకుంటున్నా.

చోక్ లాగినా తేడా లేదు

చోక్ లాగి, బొటనవేలితో రేజ్ ఇస్తూ సెల్ఫ్ కొడుతున్నారా? ముందు అది మానేయండి. వీటిలో చాలా కార్బరేటర్లకి చోక్ అంటే గాలిని మూసే రేకు కాదు, పక్క దారిలో అదనంగా పెట్రోల్ వదిలే చిన్న ప్లంజర్, థ్రాటిల్ పూర్తిగా మూసి ఉంటేనే ఆ దారిలో ఇంజన్ గట్టిగా లాగుతుంది, మీరు రేజ్ ఇచ్చారంటే ఆ లాగుడు పోయి చోక్ ఉన్నా లేనట్టే. బొటనవేలు తీసేసి కొట్టండి. అప్పటికీ అంతే అంటే కేబుల్ చివర ప్లంజర్ పైకి లేస్తోందో లేదో చూడండి, కేబుల్ పట్టేసి లివర్ ఒక్కటే కదులుతున్న బండ్లు చాలా చూశా.

సెల్ఫ్ నీరసంగా తిరుగుతోంది

బ్యాటరీ ఊరికే ఉన్నప్పుడు 12.6 వోల్టులు చూపిస్తే సరిపోదు, సెల్ఫ్ కొడుతుండగా మీటర్ పెట్టి చూడండి. 10 కంటే బాగా కిందికి పడిపోతుంటే మోటార్ తిరుగుతుంది గానీ ప్లగ్‌కి సరైన కరెంట్ అందదు. టెర్మినళ్లు, ఎర్త్ వైరు శుభ్రం చేసి బిగించాక కూడా అంతే అంటే అప్పుడు బ్యాటరీ మార్చండి. చలికాలంలో మందపాటి ఆయిల్ పోసినా ఇలాగే నీరసంగా తిరుగుతుంది, మాన్యువల్‌లో ఆ చలికి చెప్పిన గ్రేడే పోయండి.

ప్లగ్ పొడిగా ఉంది

చోక్ లాగి పదిసార్లు కొట్టాక కూడా ప్లగ్ పొడిగా ఉందంటే పెట్రోల్ రావట్లేదు. నెలల తరబడి నిలవున్న పెట్రోల్ తీసేసి కొత్తది పోయండి. కార్బరేటర్ విప్పాల్సింది ఇదిగో ఇక్కడ, పైలట్ జెట్‌ని (పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రం ఉన్న ముక్క) వెలుతురుకి పట్టుకుంటే అటువైపు గుండ్రంగా చుక్క కనబడాలి.

ప్లగ్ తడిగా ఉంది, కరెంట్ బాగుంది, అయినా అందుకోదు

అసలు మోసం చేసేది ఇదే. ట్యాపెట్ టైట్.

ట్యాపెట్ లూజైతే టకటకమని చప్పుడు చేస్తుంది, ఎవరైనా పట్టేస్తారు. టైటైతే ఇంజన్ ఇంకా నిశ్శబ్దంగా నడుస్తుంది, బండి ఎంత స్మూత్‌గా ఉందో అని సంతోషపడతారు కూడా. జరిగేది ఏంటంటే, దుమ్ములో తిరిగీ తిరిగీ వాల్వూ దాని సీటూ అరుగుతాయి, వాల్వ్ కొంచెం కొంచెంగా హెడ్‌లోకి పైకి జరుగుతుంది, దాంతో వాల్వ్‌ని నొక్కే రాకర్‌కీ వాల్వ్ కొసకీ మధ్య ఉండాల్సిన సందు తగ్గుతూ తగ్గుతూ చివరికి అసలు లేకుండా పోతుంది. అప్పుడు వాల్వ్ పూర్తిగా మూసుకోదు. సెల్ఫ్ మీద ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి కంప్రెషన్ సరిగ్గా మూసుకోని ఆ వాల్వ్ పక్కనుంచి జారిపోవడానికి కావలసినంత టైం ఉంటుంది, పైగా చల్లటి సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు, రెండూ కలిస్తే ఇక అంటుకోదు. ఒకసారి నడిచిందంటే వేగానికి కారిపోయే టైం ఉండదు, వేడికి పెట్రోల్ ఆవిరవుతుంది, అందుకే జబ్బు పొద్దున మాత్రమే బయటపడుతుంది.

నన్ను ఒక బండి మూడు వారాలు తిప్పింది. కార్బరేటర్ మూడుసార్లు విప్పా, కాయిల్ మార్చా. చివరికి ట్యాపెట్ మూత విప్పి ఇన్‌లెట్ దగ్గర 0.10 మిల్లీమీటర్ ఫీలర్ (సందు కొలిచే పల్చటి ఆకు) పెడితే దూరలేదు, 0.05 ఆకు పెట్టా, అదీ దూరలేదు, కొస వంగిపోయింది తప్ప లోపలికి వెళ్లలేదు. సెట్ చేసి బిగించాక మర్నాడు పొద్దున రెండో సెల్ఫ్‌కే అందుకుంది.

ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే చూడాలి, రాత్రి ఆపి పొద్దున చూస్తే మంచిది. ప్లగ్ తీసేసి ఇంజన్ చేత్తో తిప్పుతూ మ్యాగ్నెట్ మీద టి గుర్తు (పిస్టన్ పూర్తిగా పైకొచ్చిన చోటు) కలపండి, పక్కన ఎఫ్ ఉంటుంది, అది ఇగ్నిషన్‌ది, కలపొద్దు. టి ఒక్కో సైకిల్‌కి రెండుసార్లు వస్తుంది, మనకి కావలసింది కంప్రెషన్ వైపుది. రాకర్లు ఊగితే అదే కరెక్ట్ అంటారు, కానీ టైట్‌గా ఉన్న ఇంజన్‌లో రాకర్ ఎక్కడా ఊగదు, కాబట్టి ఇన్‌లెట్ వాల్వ్ దిగి మళ్లీ పైకొచ్చాక వచ్చే మొదటి టి దగ్గర ఆపండి. సందు ఎంతనేది మీ మాన్యువల్‌లో చూడండి, ఇన్‌లెట్ చాలావాటికి 0.10 మిల్లీమీటర్ చుట్టుపక్కల, ఎగ్జాస్ట్ సాధారణంగా కాస్త ఎక్కువ. ఆకు కొంచెం పట్టుకుంటూ జారాలి. లాక్‌నట్ బిగించేటప్పుడు స్క్రూ తిరిగిపోతుంది, అందుకని బిగించాక ఇంకోసారి ఆకు పెట్టి చూడండి, దయచేసి ఇది మాత్రం వదిలేయొద్దు. స్క్రూ బదులు షిమ్‌లు (సన్నటి బిళ్లలు) ఉన్న ఇంజనైతే కొలిచి సరైన మందం షిమ్ వేయాలి.

కంప్రెషన్ గేజ్‌ని నమ్ముకుని కూర్చోవద్దు, క్యామ్ మీద ఆటో డీకంప్రెసర్ (స్టార్టింగ్‌లో కంప్రెషన్‌ని తనే కాస్త వదిలేసేది) ఉన్న ఇంజన్లలో మంచి ఇంజన్ కూడా తక్కువే చూపిస్తుంది. సిలిండర్‌లోకి గాలి ఎక్కించి చూసే లీక్‌డౌన్ టెస్ట్ చేయగలిగితే గాలి ఎటు పోతోందో వినబడుతుంది, కార్బరేటర్ వైపు బుస్సుమంటే ఇన్‌లెట్, సైలెన్సర్ వైపైతే ఎగ్జాస్ట్.

ఇన్‌టేక్ రబ్బరు పగుళ్లు, కాయిల్, సీడీఐ (ఇగ్నిషన్ బాక్స్), ఇవి కూడా ఉంటాయి, కానీ అరుదు, పైవన్నీ అయ్యాకే వాటి జోలికి వెళ్లండి.

సెట్ చేసిన ట్యాపెట్ కొద్ది గంటల నడకకే మళ్లీ టైటైతే ఇంకోసారి స్క్రూ తిప్పి నెట్టుకురావద్దు, వాల్వూ సీటూ అయిపోయినట్టే, హెడ్ దించాల్సిందే. దించినప్పుడు ఎయిర్ ఫిల్టర్ బాక్స్ లోపల, ఫిల్టర్ దాటిన తర్వాత వేలితో తుడిచి చూడండి. వేలికి దుమ్ము అంటిందంటే ఫిల్టర్ సరిగ్గా కూర్చోవట్లేదు, అది సరిచేయకుండా కొత్త వాల్వ్‌లు వేస్తే అవీ అరిగిపోతాయి.