రక్తం ఎక్కడ పడింది? – బైబిల్‌ను స్వయంగా చదవడం, 3వ పాఠం

గత పాఠంలో నిర్గమకాండము 12వ అధ్యాయం ఇచ్చాను. ఐగుప్తులో జ్యేష్ఠసంతానం చనిపోయిన రాత్రి, గుమ్మానికి రక్తం పూసుకున్న ఇశ్రాయేలీయుల ఇళ్లు తప్పించుకున్న కథ అది. పెన్సిల్ పట్టుకుని చదవమని, రక్తం ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా నోట్‌బుక్‌లో మూడు గడులు నింపమని చెప్పాను. ఎవరి రక్తం? ఎక్కడ పడింది? దాని వల్ల ఏం జరిగింది? ముందు అది సరిచూసుకుని తర్వాత ఈ వారం పనిలోకి వెళ్దాం.

మొదటి గడి తేలిక. నిర్దోషమైన ఏడాది మగపిల్ల, గొర్రెల్లోంచైనా మేకల్లోంచైనా సరే. నెల పదో రోజున ఏర్పరచుకుని, పద్నాలుగో రోజు సాయంకాలం వధించాలి. రెండో గడిలో, హిస్సోపు అనే మొక్క కుంచెను పళ్లెంలోని రక్తంలో ముంచి ద్వారబంధపు పైకమ్మికి, రెండు నిలువు కమ్ములకు తాకించాలి అని రాసుకుని ఉంటారు. బాగానే ఉంది. అయితే ఇంకొక్క నిమిషం అక్కడే ఆగండి. రక్తం పూసింది ఇంటికి. జ్యేష్ఠకుమారుడి నుదుటికి ఎవరూ పూయలేదు. అతను చేయాల్సిందల్లా తెల్లవారే దాకా ఆ గుమ్మం దాటకుండా ఉండడమే. లోపల ధైర్యంగా కూర్చున్నాడా, రాత్రంతా టెన్షన్‌తో గడిపాడా అన్నది అధ్యాయం పట్టించుకోదు.

మూడో గడిలో మీరు ‘పాపక్షమాపణ’ అని రాశారా? చాలామంది అలాగే రాస్తారు. అధ్యాయం మళ్లీ తిరగేయండి. అందులో పాపం ఊసు లేదు, క్షమాపణ ఊసూ లేదు. ఉన్నది తీర్పు, దాని నుంచి తప్పించుకోవడం, బానిసత్వం నుంచి బయటికి నడవడం. క్షమాపణ మనకు వేరే చోట నుంచి తెలుసు కాబట్టి దాన్ని ఇక్కడికి మోసుకొచ్చాం. ‘మన పస్కా (ఆ రాత్రి వధించిన బలిపశువు) క్రీస్తు’ అని పౌలు 1 కొరింథీ 5:7లో చెప్పిన మాట నిజమే. దాని సంగతి ఆ వచనం దగ్గరికి వెళ్లినప్పుడు చూద్దాం. ఈ పాఠాలు నేర్పే విద్య ప్రధానంగా ఇదే: ఎదురుగా ఉన్న వాక్యభాగం చెప్పని సంగతిని దాని నోట్లో పెట్టకుండా చదవడం.

ఈ వారం చదవాల్సినవి లేవీయకాండము 16, హెబ్రీయులకు 9. రెండూ ఒకే రోజు, ఒకదాని వెంట ఒకటి చదవండి. మూడు గడుల్లో ఈసారి రెండో గడి మీద ఎక్కువ దృష్టి పెట్టండి. క్రీస్తు రక్తం గురించి మనం వినే మాటల్లో గందరగోళం వచ్చేది అక్కడే. ప్రసంగాల్లో రక్తం అంతా ఒకే ముద్దగా వినిపిస్తుంది: కడుగుతుంది, కప్పుతుంది, కొంటుంది, జయిస్తుంది. బైబిల్లో ఒక్కో రక్తం ఒక్కో చోట పడుతుంది. పడిన చోటును బట్టి దాని పని మారుతుంది.

ఇది ఎంతవరకు నిజమో చూడాలంటే ఆదికాండము 4:10 తెరవండి. హేబెలు రక్తం నేల మీద పడింది, అక్కడి నుంచి మొరపెట్టింది. సంఖ్యాకాండము 35:33 ఇంకా కఠినంగా ఉంటుంది: నరహత్య దేశాన్ని అపవిత్రపరుస్తుంది. అంటే నేల మీద ఒలికిన రక్తం మైలపరుస్తుంది, బలిపీఠం మీద పోసిన రక్తం శుద్ధి చేస్తుంది. రక్తంలో దానంతట అది పనిచేసే మహిమ ఏదో ఉంటే ఈ తేడా రాకూడదు.

తేడా ఎందుకన్నది లేవీయకాండము 17:11 చెబుతుంది. దేహానికి ప్రాణం రక్తంలో ఉంది. మీ కోసం ప్రాయశ్చిత్తం చేయడానికి దాన్ని బలిపీఠం మీద నేనే మీకిచ్చాను అంటాడు దేవుడు. దాని చుట్టూ ఉన్న వచనాలు కూడా చదవండి. రక్తం తినకూడదు. వేటలో పట్టిన జంతువు రక్తాన్నైనా ఒలికించి మట్టితో కప్పాలి. రక్తం అంటే ప్రాణం, ప్రాణం ఇచ్చినవాడిది. బలి అంటే కోపంగా ఉన్న దేవుణ్ని శాంతింపజేయడానికి మనిషి తీసుకెళ్లే కానుక అనుకునేవాళ్లు ‘నేనే ఇచ్చాను’ అన్న మాట కింద గీత పెట్టుకోవాలి. ఇచ్చే చేయి అటువైపు నుంచి వస్తోంది. రోమా 3:25లోనూ అంతే, క్రీస్తును ఆయన రక్తం ద్వారా ప్రాయశ్చిత్తంగా ముందుకు తెచ్చింది దేవుడే.

ఇక 16వ అధ్యాయం. ఏడో నెల పదో రోజు. ప్రధానయాజకుడు తన వైభవమైన వస్త్రాలు తీసేసి సాదా నార బట్టలు వేసుకుంటాడు. ముందు తన కోసం, తన ఇంటివారి కోసం కోడెను వధిస్తాడు. నిప్పుల మీద ధూపం వేసి, ఆ పొగ కరుణాపీఠాన్ని, అంటే నిబంధన మందసపు మూతను, కమ్మేలా చేస్తాడు, తాను చావకుండా ఉండేందుకు. తర్వాత రక్తంలో వేలు ముంచి కరుణాపీఠం మీద తూర్పు వైపున ఒకసారి, దాని ఎదుట ఏడుసార్లు ప్రోక్షిస్తాడు. మళ్లీ బయటికి వచ్చి, ప్రజల కోసం తెచ్చిన రెండు మేకల్లో ఒకదాన్ని వధించి, దాని రక్తంతోనూ అలాగే చేస్తాడు. ఆ తర్వాత బలిపీఠపు కొమ్ముల మీద రెండు రక్తాలూ పూస్తాడు. ఈ లోపల ప్రత్యక్ష గుడారంలో (దేవుడు తన ప్రజల మధ్య నివసించే గుడారం) మరో మనిషి ఉండకూడదు.

రెండో గడి నింపండి: కరుణాపీఠం, దాని ముందు నేల, బలిపీఠపు కొమ్ములు. ప్రజల మీద ఒక్క చుక్కైనా పడిందా? లేదు. ఏడాదిలో అతి ముఖ్యమైన ప్రాయశ్చిత్తం రోజున రక్తం పడింది స్థలం మీద. ఎందుకో 16వ వచనంలో ఉంది: ఇశ్రాయేలీయుల అపవిత్రత మధ్య ఆ గుడారం ఉంది కాబట్టి. మనిషి పాపం మనిషితోనే ఆగిపోదు, దాని మురికి దేవుడు నివసించే చోటి దాకా వెళ్తుంది అన్నది ఈ అధ్యాయం చూపు. ప్రజల అతిక్రమాలను యాజకుడు రెండు చేతులూ ఉంచి ఒప్పుకొనేది రెండో మేక తల మీద. ఆ మేకను వధించరు, ప్రాణంతో ఎడారిలోకి పంపేస్తారు. పాపాలను మోసుకుపోయిన మేక రక్తం చిందించలేదు. ‘రక్తం పాపాలను తీసేస్తుంది’ అన్న మాట ఎన్నోసార్లు విన్న మనకు ఇది కొంచెం ఇబ్బంది పెట్టే సంగతే. అలా ఇబ్బంది పెట్టిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి, త్వరపడి సర్దేయకండి. మూడో గడికి 30వ వచనం కావాలి: ఆ దినాన మీరు మీ పాపాలన్నిటి నుంచి పవిత్రులవుతారు. రక్తం తాకకపోయినా ఫలితం ప్రజలకు చేరింది.

హెబ్రీయులకు 9 రాసినవారు ఇదంతా ఎరిగినవారు. లేవీయకాండం గడుల్లో ఆయన ఏం మార్చారో చూడండి. ‘ఎవరి రక్తం’ అన్న గడి మారింది: ప్రధానయాజకుడు తనది కాని రక్తంతో వెళ్లేవాడు (25వ వచనం), క్రీస్తు తన స్వరక్తంతో. ప్రవేశించిన చోటూ మారింది: చేతులతో కట్టిన పరిశుద్ధ స్థలం కాదు, పరలోకమే (24). ఏటేటా అన్నది పోయి ఒక్కసారే అన్నది వచ్చింది. వీటన్నిటి కంటే పెద్ద మార్పు 14వ వచనంలో ఉంది. క్రీస్తు రక్తం మన మనస్సాక్షిని నిర్జీవ క్రియల నుంచి శుద్ధి చేస్తుంది. మేకల రక్తం ఎప్పుడూ చేరని చోటు అది. 9వ వచనంలో ఆ సంగతి ముందే చెప్పేశారు: ఆ అర్పణలు ఆరాధించేవాడి మనస్సాక్షికి సంపూర్ణసిద్ధి కలిగించలేకపోయాయి. నా మట్టుకు నాకు ఈ అధ్యాయం గుండెకాయ ఇదే. శుద్ధి చేసిన తర్వాత ఏం జరుగుతుందో కూడా అదే వచనంలో ఉంది: జీవముగల దేవుణ్ని సేవించడం. మనస్సాక్షి తేలికపడడంతో వాక్యం ముగియలేదు.

దారిలో రెండు చోట్ల జాగ్రత్త పడాలి. క్రీస్తు తన రక్తాన్ని ఒక పాత్రలో పట్టుకుని పరలోకానికి వెళ్లినట్టు వర్ణించే బోధలు ఉన్నాయి. 12వ వచనం మళ్లీ చదవండి, అందులో పాత్ర లేదు. రెండోది 22వ వచనం. ‘రక్తము చిందింపకుండ పాప క్షమాపణ కలుగదు’ అన్నంతవరకు అందరికీ కంఠతా వచ్చు. వచనం అక్కడ ఆగదు, ‘సామాన్యముగా చెప్పవచ్చును’ అని ముగుస్తుంది. ఎందుకంటే ధర్మశాస్త్రంలోనే మినహాయింపు ఉంది. రెండు గువ్వలైనా, రెండు పావురపు పిల్లలైనా తేలేని పేదవాడు తూమెడు పిండిలో పదో వంతు తెస్తే చాలు, అతనికి క్షమాపణ కలుగుతుంది (లేవీ. 5:11–13). ఇది హెబ్రీయులకు రాసిన ఈ లేఖ వాదాన్ని కూలదోయదు. వచనాన్ని చివరి దాకా చదివినవాడికి మాత్రం పేదవాణ్ని మరచిపోని దేవుడు కూడా కనిపిస్తాడు.

ప్రజల మీద రక్తం పడిన సందర్భం వేరే ఉంది, నిర్గమకాండము 24. మోషే సగం రక్తం బలిపీఠం మీద ప్రోక్షించి, నిబంధన గ్రంథం చదివి వినిపించి, ప్రజలు ఒప్పుకున్నాక మిగతా సగం వారి మీద చల్లి ‘ఇదే నిబంధన రక్తము’ అన్నాడు. ఇరుపక్షాలనూ ఒకటి చేసే రక్తం. ఆఖరి రాత్రి భోజనపు బల్ల దగ్గర యేసు గిన్నె పట్టుకుని ఈ మాటనే ఎత్తుకున్నారు (మత్తయి 26:28). అక్కడ రెండో గడిలో ఏం రాస్తారు? చల్లడం లేదు, తాగమంటున్నారు. రక్తం నోట పెట్టకూడదని పెరిగిన యూదులకు ఆ మాట ఎలా ఉండి ఉంటుందో యోహాను 6:60లో తెలుస్తుంది, అంతకుముందు ఇలాంటి మాటే విన్నప్పుడు ఇది కఠినమైన మాట అన్నారు. ఆ గిన్నెలో క్రీస్తు ఎలా ఉన్నారన్న దాని మీద సంఘాలు విడిపోయాయి. 1529లో జర్మనీలోని మార్బుర్గ్‌లో సంఘ సంస్కర్తలు లూథర్, జ్వింగ్లీ కలిసి కూర్చుని పదిహేను అంశాల్లో పద్నాలుగింటికి ఒప్పుకుని, దీని దగ్గరే తెగిపోయారు. ఆ వాదంలోకి ఇప్పుడు దిగడం లేదు.

అయితే ఒక పద్ధతి మాత్రం ఆదిసంఘపు పెద్దల దగ్గర నేర్చుకోవాలి. 1 పేతురు 1:18–19 రక్తాన్ని వెలగా చూపిస్తుంది: వెండి బంగారాలతో కాదు, అమూల్యమైన రక్తంతో విడుదలయ్యారు. ఆ వెల ఎవరికి చెల్లించారు? మూడో శతాబ్దంలో ఓరిగెన్ సాతానుకు అన్నట్టు వివరించాడు. నాలుగో శతాబ్దంలో నజియాంజుస్ గ్రెగొరీ ఆ ఆలోచననే ఛీకొట్టాడు: దొంగకు దేవుడు వెల చెల్లించడమేమిటి అని. పేతురు మాత్రం పుచ్చుకున్నవాడి పేరే ఎత్తలేదు. వాక్యం ఖాళీగా వదిలిన గడిని మనమూ ఖాళీగానే వదలాలి. దానికి ధైర్యం కావాలి, ఖాళీ గడి చూస్తే మనకు చేయి ఊరుకోదు.

చివరగా అందరి నోటా ఉండే ‘యేసు రక్తమే జయం’. ప్రయాణానికి ముందు, పరీక్షకు ముందు, పీడకల వచ్చి లేచినప్పుడు అనే మాట. దీనికి ఆధారం ప్రకటన 12:11. మూడు గడులతో చదవండి. ఎవరి రక్తం: గొర్రెపిల్లది. ఎవరి మీద జయం: పై వచనంలోనే ఉంది, రాత్రింబగళ్లు సహోదరుల మీద నేరం మోపేవాడి మీద. అది న్యాయస్థానపు దృశ్యం. నేరం మోపేవాడి నోరు మూతపడింది, ఎందుకంటే మోపడానికి నేరం మిగల్లేదు. ఆ జయం పొందినవారు మరణం వరకు తమ ప్రాణాలను ప్రేమించలేదని కూడా అక్కడే ఉంది, అంటే వాళ్లలో చనిపోయినవాళ్లున్నారు. యాక్సిడెంట్ జరగకుండా కాపాడే రక్షరేకులా ఆ రక్తాన్ని వాడుకోవడానికి ఈ వచనం ఒప్పుకోదు. ఆ మాట అనడం మానేయమని కాదు. అన్నప్పుడు దేని మీద జయమో తెలిసి అనండి.

వచ్చే పాఠానికి పని: కొలొస్సయులకు 1:19–22, ఎఫెసీయులకు 2:11–18, 1 యోహాను 1:5–2:2, హెబ్రీయులకు 12:22–24. రోజుకొకటి చాలు, నాలుగూ ఒకే పూట లాగించేయకండి. ఎఫెసీయులకు 2లో రక్తం ఇద్దరి మధ్య గోడ దగ్గర పనిచేస్తుంది. ఆ ఇద్దరూ ఎవరో మూడో గడిలో కచ్చితంగా రాయండి. ‘దేవుడు, నేను’ అని రాసి ఊరుకుంటే సగమే అయినట్టు. 1 యోహాను 1:7లో రక్తం ఎవరిని పవిత్రపరుస్తోందో, వాళ్లు అప్పటికి ఎక్కడ నడుస్తున్నారో గమనించండి. హెబ్రీయులకు 12:24కి వచ్చినప్పుడు ఆదికాండము 4 పక్కనే తెరిచి ఉంచుకోండి. హేబెలు రక్తం ఏమని మొరపెట్టిందో మీ మాటల్లో ఒక వాక్యం రాసి, దాని కింద ప్రోక్షణ రక్తం ఏమంటోందో ఇంకో వాక్యం రాయండి.