ఉద్యోగం మారే మధ్యలో దొరికిన ఖాళీని విశాఖలో ఎలా గడపాలి?

పాత ఉద్యోగంలో చివరి రోజు అయిపోయింది. కొత్తదానిలో చేరడానికి ఇంకా కొన్ని వారాల సమయం ఉంది. ఇలాంటప్పుడు చాలామంది గోవాకో హిమాలయాలకో వెళ్లాలనుకుంటారు. అది కుదరక, ఫోను చూస్తూనే రోజులు గడిపేస్తారు. నా సలహా వేరు: మీరుండే ఊళ్లోనే, పనిరోజుల ఉదయాల్లో తిరగండి. ఉద్యోగం చేస్తున్నంత కాలం మనకు దక్కేది ఆదివారం సాయంత్రం, జనంతో కిక్కిరిసిన ఆర్కే బీచ్ మాత్రమే. మంగళవారం ఉదయం ఈ ఊరు ఏం చేస్తుందో మనలో చాలామందికి తెలియదు. దాన్ని చూసే అవకాశం ఇప్పుడు వచ్చింది.

1. ముందు కాగితాల పని ముగించండి

రిలీవింగ్ లెటర్, అనుభవ ధ్రువపత్రం, చివరి జీతం లెక్క మొదటి వారంలోనే అడిగి తీసుకోండి. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా సాధారణంగా ఉద్యోగంతోపాటే ముగుస్తుంది. అమ్మానాన్నలు దాని మీదే ఆధారపడి ఉంటే, ఈ మధ్యకాలానికి సొంత పాలసీ చూసుకోవడం వాయిదా వేయకూడని పని. భవిష్యనిధి డబ్బు జోలికి వెళ్లకండి. కొత్త చోట కూడా అదే యూఏఎన్ (భవిష్యనిధి సభ్యుడి శాశ్వత ఖాతా నంబరు) కొనసాగుతుంది. అద్దె, రుణ వాయిదాలు, పిల్లల ఫీజులు విడిగా తీసిపెట్టాక, తిరగడానికి కొంత నగదు ఒక కవర్లో పెట్టుకోండి. కింద చెప్పినవాటిలో చాలావరకు బస్సు ఛార్జీ, టిఫిను ఖర్చుతో అయిపోతాయి.

ఇంట్లోవాళ్లకు మీ ఆలోచన స్పష్టంగా చెప్పండి. ఏ తేదీ దాకా ఖాళీ, ఏ రోజుల్లో బయటకు వెళ్తారు, ఏ రోజుల్లో ఇంటి పనులకు అందుబాటులో ఉంటారు అన్నది ముందే తెలిస్తే వారికీ బెంగ ఉండదు. పక్కింటివాళ్లు అడిగే ప్రశ్నలకు జవాబు కూడా ఇంట్లోవాళ్లే చెప్పుకుంటారు.

2. మొదటి ఉదయం ఫిషింగ్ హార్బర్‌కు

చీకటి విడకముందే బయలుదేరండి. వేటకు వెళ్లిన పడవలు ఒడ్డుకు చేరి, సరుకు దిగి, వేలం మొదలయ్యే సమయమది. వంజరం, చందువ, రొయ్యలు కుప్పలుగా పోసి ఉంటాయి. పాడేవారి గొంతు, కొనేవారి చూపు, మధ్యలో బుట్టలు మోసేవారి పరుగు, అన్నీ ఒకేసారి సాగుతాయి. ఊరికే చూసి రావద్దు. ఒక ప్రశ్న పట్టుకుని వెళ్లండి: ధర ఎలా తేలుతుంది? మంచు ఎవరు తెస్తారు? ఈ చేప మధ్యాహ్నానికి ఏ ఊరు చేరుతుంది? లెక్కల పని చేసినవారికైనా, సాఫ్ట్‌వేర్ రాసినవారికైనా, సరుకు పాడయ్యేలోపు నిర్ణయాలు తీసుకునే ఈ మనుషుల దగ్గర నేర్చుకోవలసింది ఎంతో ఉంది. పని ఒత్తిడి తగ్గాక, టీ తాగుతున్నప్పుడు పలకరించండి. మహిళా వ్యాపారులు ఓపిగ్గా చెబుతారు, అడిగేవారు మర్యాదగా ఉండాలి అంతే.

నేల తడిగా ఉంటుంది, జారని చెప్పులు వేసుకోండి. మనుషుల ఫొటోలు అడిగి తీయండి. ఇది తూర్పు నౌకాదళ కేంద్రమున్న నగరం, నౌకాదళ ప్రాంతాల వైపు కెమెరా తిప్పవద్దు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. అప్పుడు మీకు వేలం సందడి ఉండదు కానీ, పడవలకు మరమ్మతులు చేస్తూ, వలలు అల్లుతూ ఉండేవారు తీరిగ్గా దొరుకుతారు.

3. బీచ్ రోడ్డు పొడవునా, భీమిలి దాకా

బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లే బస్సు ఎక్కండి. దారిలో తొట్లకొండ దగ్గర దిగి పైకి ఎక్కితే సుమారు రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధారామం శిథిలాలు, రాతిలో తొలిచిన నీటి తొట్లు, కింద సముద్రం. ఎండ ముదరకముందే చేరుకోవాలి, నీళ్లు వెంట ఉండాలి. ఇంకా ముందుకు వెళ్తే ఎర్రమట్టి దిబ్బలు. అవి వేల ఏళ్లలో ఏర్పడిన భూవారసత్వ సంపద. అంచులు మెత్తగా ఉంటాయి, వాటి మీదికి ఎక్కి తొక్కకండి. భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు, డచ్చివారి సమాధులు చూడవచ్చు.

జనవరి నుంచి మార్చి మధ్య ఖాళీ దొరికితే మీరు అదృష్టవంతులు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ తీరానికి వచ్చి గుడ్లు పెట్టే కాలమది. అటవీశాఖ ఆ గుడ్లను సేకరించి సంరక్షణ కేంద్రాల్లో పొదిగించి, పిల్లలను సముద్రంలోకి వదులుతుంది. ఎప్పుడు వదులుతారో అడిగి వెళ్లండి. టార్చిలైటు మాత్రం వేయవద్దు, వెలుగుకు పిల్లలు దారి తప్పుతాయి.

ఒక్క విషయం గట్టిగా చెబుతాను. ఆర్కే బీచ్‌లో, యారాడలో నడుము లోతుకు దిగడం సాహసం కాదు, ప్రమాదం. వెనక్కి లాగే ప్రవాహాలు అక్కడ ఎన్నో ప్రాణాలు తీశాయి. ఈత, స్కూబా, సర్ఫింగ్ నేర్చుకోవాలనుంటే శిక్షకుల సమక్షంలోనే, రుషికొండ వంటి చోట మొదలుపెట్టండి.

4. రైల్లో ఒక రోజు

విశాఖ నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ వెళ్లే పాసింజర్ తెల్లవారగానే బయలుదేరుతుంది. అక్కడి బైలదిలా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ ఓడరేవుకు చేర్చి జపానుకు పంపేందుకు 1960ల్లో వేసిన లైను ఇది. ఈ లైను మొత్తం మీద యాభైకి పైగా సొరంగాలున్నాయి. అద్దాల బోగీకి ముందే టికెట్ తీసుకోవచ్చు, కానీ నా ఓటు సాధారణ బోగీకే. సంతకు వెళ్లేవారి పక్కన కూర్చుంటే మాటలు కలుస్తాయి. బొర్రా గుహల దగ్గర దిగి, చూసుకుని, బస్సులో వెనక్కి రండి. అరకు దాకా సాగితే రాత్రి అక్కడ ఉండటం మేలు. భారీ వానల్లో కొండచరియలు పడి రైళ్లు ఆగుతుంటాయి కాబట్టి బయలుదేరే ముందు కనుక్కోండి.

5. చేతులతో చేసే పని ఒకటి చూడండి

అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. జాతీయ రహదారి మీద అడ్డరోడ్డులో దిగి ఆటోలో వెళ్లవచ్చు. అంకుడు కర్రను తిరిగే యంత్రానికి బిగించి ఉలితో మలుస్తారు. అది తిరుగుతుండగానే లక్క కడ్డీని అదిమితే, రాపిడి వేడికి కరిగి రంగు కర్రకు పట్టుకుంటుంది. రంగులు పసుపు, నీలిమందు, జాఫ్రా గింజల వంటివాటి నుంచి వస్తాయి. ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. పనిరోజున వెళ్తే పనివారు పనిలో ఉంటారు, అసలు చూడవలసింది అదే. ఎంత సేపైనా కూర్చోండి, చివర్లో ఒక బొమ్మ కొనండి, బేరం ఆడకుండా.

6. ఆలోచనలు రాసుకునే చోటు

వారానికి ఒక ఉదయం ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయానికి కేటాయించండి. మీ వృత్తికి సంబంధంలేని అర నుంచి ఒక పుస్తకం తీసి చదవండి. చూసినవి, విన్నవి నోట్‌బుక్‌లో రాసుకోండి. "ఇది ఎందుకు ఇలా జరుగుతోంది?" అన్న ప్రశ్న ప్రతి పేజీలో ఒకటైనా ఉంటే చాలు. వ్యాపార ఆలోచన పుట్టాలని మిమ్మల్ని మీరు తరుముకోకండి. నాకు తెలిసి మంచి ఆలోచనలు రెండు సంబంధంలేని విషయాలు పక్కపక్కన చేరినప్పుడే వస్తాయి. వాటిని పక్కపక్కన చేర్చడమే మీ పని.

7. చేతిలో ఇంకా ఆఫర్ లేకపోతే

అప్పుడు ఈ పద్ధతి మరింత అవసరం, కొలత మాత్రం మార్చండి. వారంలో రెండు ఉదయాలు తిరగడానికి, మిగిలినవి దరఖాస్తులకు, ఇంటర్వ్యూల సన్నద్ధతకు ఉంచండి. ఇంటర్వ్యూ ఉన్న రోజుకు ముందు ఘాట్ ప్రయాణం పెట్టుకోవద్దు. ఈ నెలలు ఏం చేశారని వారు అడిగితే తడబడకండి. హార్బర్‌లో వేలం ఎలా సాగుతుందో, లక్క కర్రకు ఎలా పట్టుకుంటుందో చూసినది చూసినట్టు చెప్పండి. అందులో మీ పనికి పనికొచ్చేది ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పడం ఇంట్లోనే సాధన చేసి వెళ్లండి.